దీపావళికి ముందు పదిహేను రోజులు

ఈ సంగతి నేను రాసి పెట్టకపోతే ఇంకెవరూ రాయరు. గ్రంథాలయం రిజిస్టరులో ఏ పుస్తకం ఎవరు తీసుకున్నారో, ఎప్పుడు తిరిగిచ్చారో ఉంటుంది. చదివిన తర్వాత ఆ మనిషి పొలంలో ఏం జరిగిందో రాసుకునే గడి అందులో లేదు. మా ఊరి పుస్తకాల గది వల్ల బాగుపడినవాళ్లలో నేనొకణ్ణి. ఆ గదిలో కూర్చుని ఒక తప్పు చదివి చెప్పినవాణ్ణి కూడా నేనే. మంచి మాత్రమే రాసి తప్పు దాచిపెడితే, రేపు అదే పుస్తకం పట్టుకుని మరొకరు అదే తప్పు చేస్తారు. అందుకే రెండూ రాస్తున్నాను.

మా ఊరు రుద్రవరానికి దగ్గర. పుస్తకాల గది పాల కేంద్రం పక్కన ఉంది. రెండు ఇనుప బీరువాలు, ఒక బల్ల, గోడ వెంబడి బేతంచెర్ల బండలు పరిచిన అరుగు, అంతే. ఆళ్లగడ్డ గ్రంథాలయం నుంచి కొన్ని నెలలకోసారి పుస్తకాల మూట వస్తుంది, చదివేసినవి అటు పోతాయి. గది తాళంచెవి నా దగ్గర ఉంటుంది. ఎవరూ ఇమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు.

నేను ఏడో తరగతితో బడి మానేసి నాయన వెంట పొలానికి పోయాను. ఆ తర్వాత నాకు తెలిసిందంతా ఈ గదిలోనూ, ఆళ్లగడ్డ గ్రంథాలయంలోనూ నేర్చుకున్నదే. ఈ మాట చెప్పుకోవడం నాకు గర్వం. మొదట్లో వారపత్రికల్లో కథల కోసం పోయేవాణ్ణి. ఒక ఏడాది మా వరిమడిలో ముదురాకుల మీద తుప్పు రంగు చుక్కలు పడి, పైరు గిడసబారింది. అందరూ యూరియా వేయమన్నారు. వేశాను, ఏమీ కాలేదు. ఆళ్లగడ్డ గ్రంథాలయం సారు ఒక సన్నటి పుస్తకం నా చేతిలో పెట్టి, "బొమ్మలు చూడప్పా. నీ మడిలో ఆకు ఇందులో యాడుందో పట్టుకో" అన్నారు. నాలుగో పేజీలో దొరికింది. జింకు లోపం. పుస్తకంలో చెప్పినట్టు జింకు సల్ఫేటు నీళ్లలో కలిపి రెండుసార్లు కొట్టేసరికి పైరు తేరుకుంది.

అప్పటినుంచి మా వీధిలో ఎవరి పైరు వాడినా నా దగ్గరికొచ్చి "పుస్తకం ఏమంటాంది?" అని అడగడం మొదలైంది. నేనేమంటానో ఎవరూ అడగలేదు. అది నాకు బాగానే అనిపించింది.

అడిగేవాళ్లు ఎక్కువయ్యాక సోమవారం సాయంత్రాలు అందరికీ చదివి వినిపించడం పెట్టుకున్నాం. పాలు పోసి, ఖాళీ క్యాన్లతో నేరుగా వచ్చి బండల మీద కూర్చుంటారు. నేను ఒక పేరా చదివి ఆగుతాను. కూర్చున్నవాళ్లలో ఒకరు ఆ పేరాను తమ మాటల్లో, తమ పొలానికి సరిపెట్టి తిరిగి చెప్పాలి. చెప్పింది తప్పని ఎవరికైనా అనిపిస్తే అక్కడే ఆపి కొట్లాడతారు. అందరూ ఒప్పుకున్నాకే తర్వాతి పేరా. ఒకసారి పేడను ఎండ తగలకుండా నీడలో నిలవ చేయాలని చదివాను. తిరిగి చెప్పాల్సిన పెద్దాయన, "అంటే నా దిబ్బకు పందిరెయ్యాల. నా ఇంటి ముందర పందిరెయ్యమని నా పెండ్లాం పదేండ్లుగా అడుగుతాంది. దిబ్బకు ముందేస్తే నన్ను దిబ్బలోనే పండుకోమంటాది" అన్నాడు. ఆ రోజు ఇంకో పేరా సాగలేదు. కానీ ఆ పేరా ఎవరూ మరిచిపోలేదు. ఆయన దిబ్బ మీద ఇప్పటికీ కొబ్బరాకుల పందిరి ఉంది.

తిరిగి చెప్పడంలో మా పెద్దనాయన కూతురిని మించినవాళ్లు లేరు. నాకు అక్క అవుతుంది. ఐదో తరగతి దాకా చదివింది. అక్షరాలు కూడబలుక్కోవడం కన్నా వినడమే ఆమెకు ఇష్టం. విన్నది ఒక్క ముక్క వదలదు. మా బావ బేతంచెర్లలో నాపరాళ్ల పాలిషు పనికి పోతాడు. ఆదివారం ఇంటికొచ్చి సోమవారం తెల్లవారకముందే వెళ్లిపోతాడు. రెండేళ్లుగా ఆయనకు దగ్గు వదలడం లేదు.

అక్క ఆ ఏడాది మొదటిసారి మూడెకరాల నల్లరేగడి కౌలుకు తీసుకుంది. ఆ పొలానికి బోరు లేదు, కాలువ రాదు. వానలు పోయాక నేలలో మిగిలే పదును, అంటే ఆ లోతడి మీదే శనగ పండాలి. అలా పండుతుందని చదివి వినిపించింది నేనే. అందుకే ఆమె ధైర్యం చేసింది.

"ఈ పంట ఒక్కటి నిలబడనీ తమ్ముడూ. మీ బావను ఆ రాతిపొడిలోనుంచి ఇంటికి పిలిపిస్తా. ఆడ చేసే కష్టం ఈడే చేస్తే నా కండ్ల ముందరన్నా ఉంటాడు" అంది. ఆ మూడెకరాల మీద ఆమె పెట్టుకున్న ఆశ అంతే.

శనగ గురించి మా గదిలో ఒక పాత చిన్న పుస్తకం ఉండేది. అట్ట, మొదటి పేజీ ఎప్పుడో పోయాయి. ఎవరో దళసరి కాగితం వేసి కుట్టారు. రాసిందెవరో, ఎప్పుడు అచ్చయిందో తెలియదు. భాష మాత్రం హాయిగా ఉంటుంది. ఇంగ్లీషు నెలలు లేవు, అన్నీ చైత్రం, వైశాఖం అనే తెలుగు నెలలే. మా వాళ్లకు అందుకే అది నచ్చింది. శనగను ఆశ్వయుజ బహుళంలో విత్తుకోవాలని అందులో ఉంది. నేను చదివి ఆగాను.

అక్క తిరిగి చెప్పింది. "అంటే దీపావళికి ముందర పదైదు దినాలు. పున్నమి పోయినంక మొదలుపెట్టి, పండగ నాటికి అయిపోగొట్టాల."

అందరూ తలలూపారు. అంతకుముందు ఏడాది కూడా అదే పేరా చదివాం. అలా విత్తినవాళ్లకు పంట బాగా వచ్చింది. అందుకే ఈసారి కొట్లాడడానికి ఎవరికీ ఏమీ కనిపించలేదు.

ఆ ఏడాది హస్త కార్తెలో రెండు మంచి వానలు పడి, ఆకాశం తేటబడింది. అక్క పొలంలో గుంటక తోలించి మన్ను గుల్ల చేయించి, విత్తనం తెచ్చి ఇంట్లో పెట్టుకుంది. రోజూ పొద్దున పోయి పిడికెడు మన్ను తీసి ఉండ చేసి చూసేది. ఉండ విడిపోకుండా నిలిస్తే పదును ఉన్నట్టు.

"ఉండ బాగా నిలబడతాంది తమ్ముడూ. ఏసేద్దునా?"

"పున్నమి యాడయింది అక్కా? పుస్తకంలో పున్నమి పోయినంక అనుంది గదా."

"సరే. పుస్తకం మాటే కానీ" అని వెళ్లిపోయింది.

మా చదువుకు రాని పెద్ద రైతులు అప్పటికే విత్తేశారు. వాళ్లు తొందరపడ్డారని సోమవారం నాడు అందరి ముందూ అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

గదికి ఎదురుగా ఒక వెల్డింగు షెడ్డు ఉంది. అది నడిపే సాయిబును నేను మామా అంటాను, ఆయన నన్ను అల్లుడా అంటాడు. ట్రాక్టర్లకు కట్టి విత్తనం వేసే గొర్రులను ఆయనే బాగుచేస్తాడు. పొద్దున షెడ్డు తెరిచేముందు మా గదిలో దినపత్రిక మొదటి నుంచి చివరి దాకా చదవాల్సిందే. సోమవారం చదువుకు మాత్రం రాలేడు. ఆ వేళకు ఆయన నమాజుకు పోవాలి. షెడ్డు రేకు తలుపు లోపలివైపు, ఏటేటా శనగకు మొదటి గొర్రు ఎప్పుడొచ్చిందో సుద్దముక్కతో గీత గీసి, పక్కన కార్తె పేరు రాసుకుంటాడు. ఇదెందుకు మామా అని ఒకసారి అడిగితే, "ఇనుము ఎప్పుడు తెచ్చిపెట్టుకోవాల్నో నాకు తెలియొద్దా?" అన్నాడు.

ఒక పొద్దున పత్రిక చదువుతూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏందల్లుడా, మీ చదువుకొచ్చేటోళ్లు ఈతూరి శనగ మానుకున్నారా?"

"లేదు మామా. ఎందుకట్లంటాండావ్?"

"చిత్త కార్తె సగమైపాయ. పెద్దోళ్ల గొర్రులు వచ్చినాయి, పోయినాయి. మీ బండల మీద కూచునేటోళ్లది ఒగటీ రాలా."

"ఇంగా టైముంది మామా. దీపావళికి ముందర పదైదు దినాలు యేయాలని పుస్తకంలో ఉంది."

ఆయన పత్రిక మడిచి పక్కన పెట్టాడు. కళ్లద్దాలు తీసి గోడ మీది క్యాలెండరు చూపించాడు. "ఈతూరి దీపావళి యాడికి పోయిందో చూసినావా? మొన్నటేడు పండగ నాటికి శనగ మొలిచి కనపడతాండె. ఈతూరి పండగ నాటికి నేల నెర్రెలిస్తాది. మీకు అధికమాసం వచ్చింది గదప్పా. ఒక నెల ఎక్కువొచ్చె, పండగ ఎనక్కి జరిగె. వాన జరిగిందా?"

నేను క్యాలెండరు దగ్గరికి పోయి వేళ్లతో లెక్కపెట్టాను. నిజమే. చంద్రుడి నెలలు సూర్యుడి లెక్కతో కలవడానికి రెండు మూడేళ్లకోసారి ఒక నెల అదనంగా చేరుతుంది. ఆ తర్వాత వచ్చే పండుగలన్నీ ఆలస్యమవుతాయి. వినాయక చవితి ఆలస్యమైందని ఆ ఏడాది బజారులో అందరం అనుకున్నాం కూడా. శనగ విత్తే రోజుకూ దానికీ సంబంధం ఉందని మాలో ఒక్కరికీ తట్టలేదు. కార్తెలు సూర్యుణ్ణి పట్టుకుని నడుస్తాయి కాబట్టి అవి జరగవు. మా నాయన ఉంటే కార్తె చూసేవాడు. నేను పుస్తకం చూశాను.

మామ ఇంకా వదల్లేదు. "మా రంజాన్ జూడు. ఏటికి పది దినాలు ముందుకొస్తాది. ఒకప్పుడు చలిలో వస్తాది, ఒకప్పుడు ఎండల్లో వస్తాది. నెలవంకను జూసి పండగ చేస్తాం గానీ, నెలవంకను జూసి శనగేస్తామా అల్లుడా?"

గది తాళం కూడా వేయకుండా అక్క పొలానికి పోయాను. ఆమె అక్కడే ఉంది, చేతిలో మన్ను ఉంది. పైమన్ను ఉండ కట్టకుండా వేళ్ల మధ్య నుంచి రాలిపోతోంది. నాలుగు వేళ్ల లోతు తవ్వి తీసిన మన్ను మాత్రం ఇంకా నిలబడుతోంది.

"అక్కా, తప్పు చెప్పినా. పున్నమి దాకా ఆగుండకూడదు."

"తప్పు ఎవరిది? పుస్తకానిదా, నీదా?"

"నాదే."

ఆమె చేతులు దులుపుకుంది. "ఈ ఒక్క కారు పంటకు ఓర్చుకోమని మీ బావకు చెప్పి పంపించినా. ఇప్పుడేం చేయాల్నో అది చెప్పు. తప్పు సంగతి పంట అయినంక మాట్లాడుకుందాం."

ఫోనులో వెతికాను. ఒక వీడియోలో విత్తి తడి పెట్టమన్నారు. ఆమెకు నీళ్లే లేవు. ఇంకో వీడియోలో సమయం దాటితే శనగ మానుకోమన్నారు.

మరుసటి పొద్దున మొదటి బస్సుకు ఆళ్లగడ్డ పోయాను. గ్రంథాలయం సారు వింటూనే బీరువా తెరిచారు. శనగ మీద కొత్త పుస్తకం లేదు. "నంద్యాలలో ఒకటుంది. ఇంటికియ్యరు, ఆడనే కూచుని చదువుకోవాల. పో, నేను ఫోన్ చేస్తా" అన్నారు. మా గ్రంథాలయాలు పొద్దున పదకొండుకు మూసి, మళ్లీ సాయంత్రం నాలుగుకు తెరుస్తారు. నేను నంద్యాలలో బస్సు దిగి పరుగున చేరేసరికి పదకొండు దాటింది. తలుపు దగ్గర మేడమ్ చేతిలో తాళంతో నిలబడి ఉంది.

"ఆళ్లగడ్డ సారు ఫోన్ చేసినారు. శనగ మీరేనా?"

"నేనే మేడమ్ శనగ" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆమె మళ్లీ తలుపు తెరిచి, ఫ్యాను వేసి, పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది.

అందులో నాకు కావలసింది ఒకటిన్నర పేజీ. పైపొర ఆరిపోయి కింద పదును ఉన్న నల్లనేలలో, విత్తనం ఆ పదును తగిలే లోతులో పడాలి. విత్తనాన్ని కొన్ని గంటలు నానబెట్టి, నీడలో ఆరబెట్టి వేస్తే త్వరగా మొలుస్తుంది. విత్తిన వెంటనే సాళ్ల మీద మన్ను అదమాలి. ఫొటో తీసుకోమని మేడమ్ చెప్పింది. తీసుకున్నాను, అయినా చేత్తో రాసుకున్నాను. చేత్తో రాస్తేనే నాకు తిరిగి చెప్పడం వస్తుంది. రాయడం అయ్యాక ఆమె పుస్తకం తన ముందు పెట్టుకుని, "మీరు రాసింది చదవండి" అంది. నేను చదువుతుంటే ఆమె పుస్తకంతో సరిచూసింది. నానబెట్టే గంటలు ఒకచోట తప్పు రాశాను, దిద్దించింది. మా ఊరి బండల మీద మేం చేసుకునే పనే అది. ఎవరూ చెప్పకుండానే ఆమె చేసింది. నేను బయటికొచ్చాక గానీ ఆమె తాళం వేయలేదు. ఆమె భోజనం వేళ ఎంత జరిగిందో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఆ సాయంత్రం సోమవారం కాకపోయినా చదువు పెట్టాం. ముందుగా నా తప్పు చెప్పాను. పందిరి పెద్దాయన, "పర్వాలేదులేప్పా, నువ్వు పుస్తకానివి కావు గదా" అన్నాడు. అది ఓదార్పో ఎత్తిపొడుపో నాకు ఇప్పటికీ తెలియదు. మామ కూడా నమాజు ముగించుకుని వచ్చాడు. మా చదువులో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. లోతు గురించిన పేరా చదివాక నేను అక్క వైపు చూశాను. మామ చేయెత్తాడు.

"నేను చెప్తా. ఇప్పుడుండే గొర్రు పండ్లు ఆరిన మన్నులోనే విత్తనం పారేస్తాయి. ఒక్కో పన్నుకు రెండేళ్ల పొడుగు ఇనుపముక్క అతికించాల. అంతే గదా?"

"రెండేండ్లా? అంతవరకు ఆగుతాదా శనగ?" అని ఎవరో అన్నారు.

"చేతి ఏళ్లప్పా!" అని మామ రెండు వేళ్లు చూపించాడు. "ఏందమ్మా, నేను చెప్పింది సరిపాయనా?"

"సరిపాయ. బిరీన అతికియ్" అంది అక్క.

మరునాడంతా షెడ్డులో వెల్డింగు వెలుగులే. అక్క విత్తనం నానబెట్టి, పాత చీరల మీద నీడలో ఆరబోసింది. చిత్త కార్తె పోకముందే అక్క పొలమూ, నా మాట విని ఆగిన మిగతావాళ్ల పొలాలూ విత్తేశాం. గుంటకను తిరగేసి, మీద నాపరాయి పెట్టి, సాళ్లన్నీ అదిమించాం. ఆ రాయి ఎప్పుడో బావ బేతంచెర్ల నుంచి తెచ్చిందే.

తర్వాతి రోజుల్లో నేను పొలం వైపు పోలేదు. పోతే ఆమె మొహం చూడాలి. తొమ్మిదో రోజున ఆమే మనిషిని పంపించింది. పోయేసరికి గట్టు మీద గొంతుక్కూర్చుని ఉంది. వేలు చూపించింది. సాలు పొడవునా మన్ను చిన్న చిన్న పెళ్లలుగా లేచి ఉంది. ఒక్కో పెళ్ల కింద ఒక పచ్చటి మొలక వంగి ఉంది. నేను సాళ్లు లెక్కపెడుతూ ఆ చివరిదాకా నడిచి వచ్చాను. గట్టు పక్క రెండు సాళ్లలో మాత్రం ఏమీ లేదు. అక్కడ నేల మరీ ఆరిపోయింది.

"ఆ రెండు సాళ్లు నీవి. మిగిలినయ్యన్నీ నావి" అంది. ఆమె నవ్వితే గానీ నేను నవ్వలేదు.

పంట ముందుగా విత్తినవాళ్లకు వచ్చినంత మాలో ఎవరికీ రాలేదు. కానీ వచ్చింది. కోత అయ్యాక బావ తన పెట్టె, పరుపు తెచ్చేసుకున్నాడు. అక్క కౌలు పొలం మళ్లీ తీసుకుంది. ఈసారి ఇద్దరూ కలిసి చేసుకుంటున్నారు. దగ్గు పూర్తిగా పోలేదు గానీ తగ్గింది. బావ ఇప్పుడు సోమవారం సాయంత్రాల్లో బండల మీద అక్క పక్కన కూర్చుంటాడు. తిరిగి చెప్పమంటే మాత్రం, "మా ఇంట్లో ఆ పని ఆమెది" అంటాడు.

పాత పుస్తకాన్ని ఆళ్లగడ్డ సారుకు తిరిగివ్వబోతూ, ఇక దీన్ని పక్కన పెట్టేయమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఇందులో మిగతాదంతా బాగుంది గదప్పా. తప్పెక్కడో ఒక చీటీ రాసి అతికియ్యి" అన్నారు. అధికమాసం వచ్చిన ఏడు ఈ నెలల లెక్క పనికిరాదని, చిత్త కార్తెను చూసుకోవాలని, పదునును చేత్తో చూసుకోవాలని రాశాను. అతికించేముందు సోమవారం చదివి వినిపించాను. చీటీకైనా మా పద్ధతి పద్ధతే.

అక్క అక్కడే ఆపింది. "ఎవరు చదివి చెప్తే ఆలస్యమైందో అది రాయలా."

రాశాను. నెలవంక మాట కూడా రాయమని మామ పట్టుబట్టాడు. అదీ రాశాను. ఇప్పుడు ఆ చీటీ ఆ పేరా పక్కనే ఉంది. దాన్ని చూసి మిగతావాళ్లూ తమ పొలంలో ఏం జరిగిందో రాసి పుస్తకాల్లో పెడుతున్నారు. పందిరి పెద్దాయన చీటీలో, పేడ బాగా మాగిందనీ, ఇంటి ముందర పందిరి కూడా వేయాల్సి వచ్చిందనీ ఉంది.

పేర్లు రాసి కృతజ్ఞత చెప్పుకుందామనుకున్నాను. ఒక సోమవారం అందరినీ అడిగితే పేర్లొద్దన్నారు. ఎవరెవరో ఊళ్లో అందరికీ తెలుసన్నారు. అందుకని ఇలా చెప్పుకుంటున్నాను. నా చేతిలో మొదటి పుస్తకం పెట్టి, చివరికి ఆ పాత పుస్తకాన్ని కూడా పారేయనివ్వని ఆళ్లగడ్డ సారుకు. వేసిన తలుపు మళ్లీ తెరిచి, నేను రాసుకున్నది దిద్దించిన నంద్యాల మేడమ్‌కు. ఇనుము ఎప్పుడు తెచ్చుకోవాలో రాసుకునే రేకు తలుపుతో మా ఊరి శనగను కాపాడిన మామకు. నవ్వించి మరీ గుర్తుండేలా చెప్పిన పందిరి పెద్దాయనకు. పాలక్యాన్లతో వచ్చి, నా తప్పు విన్నాక కూడా తర్వాతి సోమవారం అదే బండల మీద కూర్చున్నవాళ్లకు. ఓర్చుకుని ఎదురుచూసిన బావకు. తప్పు సంగతి తర్వాత, ఇప్పుడేం చేయాలో చెప్పు అని అడిగిన అక్కకు.

తప్పు సంగతి పంట అయ్యాక మాట్లాడుకుందామంది గదా. పంట అయ్యాక నేనే కదిలించాను. "చీటీలో రాసినావు గదా, అది చాల్లే" అని, వచ్చే ఏటికి విత్తనం జల్లెడ పడుతూ నా చేతికి కూడా ఒక చేట ఇచ్చింది.